నాలుగో మూల

వైశాఖ బహుళ తదియ, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. ఠాణాలో గంట కొట్టడం నేను విన్నాను. నాలుగో దెబ్బ సరిగా వినబడలేదు, అప్పటికే చెవుల్లో గాలి ఉంది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన మరుసటి వేసవి అది. ఉదయగిరి కొండ కింద తిరునాళ్ళలో మేము కొయ్యగరిటెలు అమ్ముకుంటున్న చోట, మా నెత్తిన ఉన్న గోనెపట్టా వాసాలతో సహా లేచింది. తిరిగి పడేటప్పుడు ఒక వాసం కోటమ్మ అనే పెద్దావిడ భుజం మీద పడింది.

ఆ పట్టా వేసినాయన గురించి రాయాలని కూర్చున్నాను. ఆయన వేసింది వేసినట్టు ఉంటే అది లేచేది కాదు. నేను చెయ్యి పెట్టాను, లేచింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చెప్పే ఓపిక నాకు లేదు, దాచింది చాలు.

మొన్న ఆత్మకూరులో చేతిపనుల అంగళ్ళు పెట్టారంటే మా కోడలితో వెళ్ళాను. అన్నీ నీలం ప్లాస్టిక్ పట్టాలు, ఇనుప గొట్టాలు. నాలుగు మూలలా బిర్రుగా లాగి కట్టారు. గాలి వస్తే డప్పు వాయించినట్టు చప్పుడు. నేను వాటి కింద నిలబడలేక ఎండలోకి వచ్చేశాను. "ఏందత్తా, నీడ ఉండగా ఎండలో నిలబడినావు?" అని కోడలు విసుక్కుంది. ఏం చెప్పను? ఇంటికి వచ్చి మనవరాలి నోటుబుక్కు ఒకటి అడిగి తీసుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. రాతలో తప్పులుంటే ఉండనీండి, జరిగినదాంట్లో తప్పు రాయను.

మా పనికి నీడ ఎందుకో ముందు చెప్పాలి. కొండ మీంచి తెచ్చిన నర్ది కొయ్యను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి. ఎండితే ఉలి దిగదు. చెక్కిన గరిట నీడలో మెల్లగా ఆరాలి. ఎండ తగిలితే టిక్కుమని పగులుతుంది. ఆ చప్పుడు చిన్నదే, ఆ గరిట మాత్రం ఇక అమ్ముడుపోదు. వాన తగిలితే నల్లబడుతుంది, బూజు పడుతుంది. తిరునాళ్ళలో కూర్చుని అమ్మేవాడికి నీడ సుఖం కోసం కాదు, సరుకు కోసం. తిరునాళ్ళ అంటే మా ఏడాది కష్టమంతా అయిదు రోజుల్లో అమ్ముడుపోవాలి. షామియానా బాడుగకు తెచ్చే తాహతు మాకు యాడిది?

ఆ తాహతు లేనివాళ్ళందరికీ ఆయన దిక్కు.

తిరునాళ్ళకు ముందురోజు పొద్దున్నే వచ్చేవాడు. నెత్తిన గోనెపట్టాల మోపు, భుజాన తాళ్ళ చుట్ట. చెవి సందున ఒక బీడీ. ఆ బీడీ ఆయన ముట్టించగా తిరునాళ్ళలో ఎవరూ చూడలేదు. "గోనె కింద నిప్పు పనికిరాదు" అనేవాడు. పట్టా కింద లేనప్పుడన్నా తాగొచ్చు కదా అని ఖాసింబీ అడిగింది. ఖాసింబీ మా పక్క అంగడి, కొయ్య దువ్వెనలు అమ్మేది, నోరు పెద్దది.

"తాగితే అయిపోతాది గదమ్మే. చెవిలో ఉంటే ఉండాదని ఉంటాది" అన్నాడు.

"పెండ్లాన్ని కూడా ఇట్నే చెవిలో పెట్టుకున్నావా మామా?"

"అది నన్నే చెవిలో పెట్టుకోని పోయింది. యాడికి పోయిందో!" అన్నాడు. ఖాసింబీ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె చచ్చిపోయిందో, వదిలేసి పోయిందో మేము అడగలేదు.

ముందు నేలంతా వట్టికాళ్ళతో తొక్కుతూ తిరిగేవాడు. కొండ కింద అంతా రాతినేల, గుంట తవ్వితే గడ్డపార వంగుతుంది. మిగతావాళ్ళు గుంటలు తవ్వలేక తిట్టుకుంటుంటే ఆయన పగిలిన కుండలు ఏరుకొచ్చేవాడు. వాగు ఇసుక గోనెసంచిలో పోసి, కుండలో వాసం నిలబెట్టి, చుట్టూ ఇసుకమూట కట్టేవాడు. కుండ దొరక్కపోతే మా ఎద్దుబండినే వెనక్కి వాల్చి, నొగలు పైకెత్తి, వాటి మీద గుడ్డ పరిచేవాడు. బండి ఉన్నవాడికి వాసం ఎందుకని అడిగేవాడు. నిలబెట్టినాక వాసానికి వీపు ఆనించి, బర్రె ఒళ్ళు రుద్దుకున్నట్టు రుద్దుకునేవాడు. అది కదలకపోతే పని అయిపోయినట్టు.

ఆయన పట్టాలు పాత గోనెసంచులు విప్పి కుట్టినవే. వాటికి చింతగింజల గంజి రెండుసార్లు పట్టించేవాడు. గంజి ఆరితే గోనె కన్నాలు మూసుకుపోతాయి, ఓ మాదిరి వాన లోపలికి దిగదు. ఒక ఏడు ఎవరిదో మేక ఆ గంజి రుచికి పట్టా అంచు జానెడు మేసేసింది. ఆయన దాన్ని పట్టుకుని, అక్కడే కూర్చుని, ఖాసింబీ దగ్గర చెంబు అడిగి పాలు పిండుకున్నాడు. మేకలాయన వచ్చి కేకలు వేస్తే, "నా పట్టానే గదా పాలయ్యింది, దానివి నేను తాగినా" అన్నాడు. మేకలాయన మేకను తోలుకుని పోయినాడు.

గోనె కూడా లేనివాళ్ళు పాత చీరలు తెచ్చేవాళ్ళు. ఎర్రచీర తెస్తే ఒప్పుకునేవాడు కాదు. "దీని కింద కొయ్య కూడా ఎర్రగా కనపడతాది. కొనేవాడు బయటికి తీసుకుపోయి చూసి, మోసం చేసినావంటాడు. తెల్లపంచె తే పో" అనేవాడు. వాలు ఎప్పుడూ వెనక్కే పెట్టేవాడు, వానపడితే నీళ్ళు కొనేవాళ్ళ నెత్తిన కారకూడదని. తాడు మాత్రం కోయనిచ్చేవాడు కాదు. ఎంత పొడుగున్నా చుట్టి పెట్టాల్సిందే. "తాడు కొయ్యబాక. కోసినాక మళ్ళీ కావాలంటే యాడ తెస్తావు?"

ఇక ఆయన ముడి. మూడు మూలలు గట్టిగా కట్టేవాడు. నాలుగో మూల, అదీ పడమట, కొండవైపు మూల, జారుముడి వేసి తాడు కొస మా చేతికి అందేట్టు వేలాడదీసేవాడు. గాలి వస్తే ఆ కొస లాగాలి. లాగితే మూల ఊడుతుంది, గోనె జెండాలా కొట్టుకుంటుంది, గాలి దాని దారిన పోతుంది, వాసాలు నిలబడతాయి. అంతే. ఆ కొండ గాలి వేసవిలో చెప్పాపెట్టకుండా దిగుతుంది. దాన్ని ఆయన బావ అనేవాడు.

"మూడు మూలలు మనయి మే. ఇది బావది. ఆయన మూల ఆయనకు ఇయ్యాల. ఇయ్యలేదనుకో, అన్నీ లాక్కుంటాడు."

ప్రతి అంగడి దగ్గరా, ప్రతి ఏడూ, కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు. మేము వినీ విననట్టు తలలూపేవాళ్ళం.

జారుముడికి ఒక తిప్పలుంది. పొద్దుటి నుంచీ గాలికి ఊగి ఊగి మధ్యాహ్నానికి సడలుతుంది, మూల కాస్త పైకి లేస్తుంది. పడమటి మూల కదా, పొద్దు వాలేసరికి ఎండ ఆ సందులోంచి నేరుగా సరుకు మీదికి వస్తుంది. ఆ మాట నేను ముందు ఏడే అన్నాను.

"సరుకు జరుపుకో. ముడిని ముట్టుకోబాక" అన్నాడు.

"రోజూ ఎన్నిసార్లు జరిపేది మామా?"

"పొద్దు ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లు."

ఆ గురువారం తిరునాళ్ళలో మూడోరోజు. మా ఆయన మాలకొండయ్య అన్నం తినడానికి పోయినాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. మూడు గంటలప్పుడు సడలిన మూలలోంచి ఎండ వచ్చింది. పెద్ద గరిట ఒకటి, కాడ మీద చిలక చెక్కింది, మా ఆయన నెలంతా చేసింది, టిక్కుమంది. తీసి చూస్తే గిన్నె అడుగున వెంట్రుకంత చీలిక. జరపాల్సింది నేనే. పొద్దున రెండుసార్లు జరిపాను, మూడోసారి లేవబుద్ధి కాలేదు. అది బద్ధకం, ఇంకో పేరు లేదు. ఎవరి మీదన్నా కోపం తెచ్చుకోవాలి కాబట్టి ముడి మీద తెచ్చుకున్నాను.

మేము గరిటెలను డజన్లుగా కట్టేటప్పుడు నారను నీళ్ళలో తడిపి కడతాం. తడిగా ఉంటే మెత్తగా బిగుస్తుంది, ఆరితే రాయవుతుంది. బండి మీద ఎంత దూరం పోయినా ఊడదు. నా చేతులకు అలవాటైన ముడి అదొక్కటే. జారుముడి విప్పేసి, మూల కిందికి లాగి, పక్కనున్న తడినారతో ఆ ముడి వేశాను. ఎండ ఆగింది. గోనె బిర్రుగా నిలబడింది.

"ఏంది మే, మామ చూస్తే తిడతాడు" అంది ఖాసింబీ.

"చూడడులే. సాయంత్రం మళ్ళీ మార్చేస్తా" అన్నాను.

వరికుంటపాడు నుంచి వచ్చిన కోటమ్మ, ఆమె కొడుకు సుబ్బయ్య శెట్టి మా అంగడి ముందు నిలబడి గరిటెలు ఏరుతున్నారు. శెట్టికి అంగడి ఉంది, డజన్ల లెక్కన కొంటాడు. బేరం కుదిరేట్టుంది. అప్పుడు గంట కొట్టడం, దూరాన ఎక్కడో ఆయన గొంతు, రెండూ కలిసి వినబడ్డాయి.

"బావొస్తన్నాడు! మూలలు ఇడవండి! మూలలు ఇడవండి!"

అన్ని అంగళ్ళలోనూ కొసలు లాగారు. గోనెలన్నీ ఒక్కసారి పైకి లేచి కొట్టుకున్నాయి. నేను ముడి దగ్గరికి పోయినాను. ఎండకు నార ఆరి రాయైపోయింది. గోళ్ళతో పీకినాను, గోరు లేచింది, ముడి కదల్లేదు. ఆ తర్వాత ఇసుకమూటలతో సహా వాసాలు నేల వదలడం కళ్ళారా చూశాను.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే. కోటమ్మ మీద పడ్డ వాసం ఎత్తి పక్కన పెట్టి, ఆమె తల కింద తన తలగుడ్డ పెట్టాడు. కోటమ్మ అరవలేదు. "నా చెయ్యేదిరా సుబ్బయ్యా, నా చెయ్యి కనపడటం లేదు" అని మెల్లగా అంది. చెయ్యి ఆమె వీపు కింద మడతపడి ఉంది.

జనం ఆమె చుట్టూ మూగారు. ఆయన లేచి, పడిపోయిన పట్టా దగ్గరికి వచ్చాడు. నాలుగో మూల పట్టుకుని చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. నా గోటి నుంచి నెత్తురు కారుతోంది, దాచుకోలేదు, దాచుకోవాలని కూడా తోచలేదు. ఆయన చతికిలబడి ఆ ముడిని నోట్లో పెట్టుకుని కొరికాడు. తాడు కోయొద్దని జీవితమంతా చెప్పిన మనిషి పళ్ళతో దాన్ని తెంపి, నార ముక్కను నడుం దగ్గర దోపుకున్నాడు. చూసింది నేనొక్కదాన్నే.

తిరునాళ్ళ కంట్రాక్టరు రామానుజం వచ్చినాడు. అంగళ్ళ జాగా ఆయన చేతిలో ఉండేది. షామియానాలు తెప్పించి బాడుగకు ఇవ్వాలని రెండేళ్ళుగా చూస్తున్నాడు. మా గోనెలున్నంతకాలం ఎవరు తీసుకుంటారు?

"ఎవడ్రా ఈ పట్టా కట్టింది?"

"నేనే" అన్నాడు ఆయన.

సుబ్బయ్య శెట్టి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "గాలొస్తే నీ ముడి ఊడుతాదని ఊరంతా చెప్పుకుంటివే! ఏమైంది నీ ముడి?"

"ఊడలా."

"ఎందుకు ఊడలా?"

ఆయన కంట్రాక్టరు వైపు కాదు, శెట్టి వైపూ కాదు, నా వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూసినట్టు నాకు అనిపించింది, అంతసేపు చూశాడో లేదో. అప్పటికి వచ్చిన మా ఆయన నా చెయ్యి చూసి, మోచేత్తో పొడిచి, "నోరు తెరవబాక, అంగడి పోతాది" అన్నాడు గొణుగుతూ. మా ఆయన మూసుకోమన్నది నిజమే. మూసుకుంది నేను.

"ముడి తప్పు పడింది" అన్నాడు పట్టా వేసినాయన చివరికి.

ఆయన్ను ఠాణాకు తీసుకుపోయి పొద్దు గూకే దాకా కూర్చోబెట్టారు. ఈలోపల కంట్రాక్టరు మనుషులు ఆయన పట్టాలన్నీ ఊడదీసి ఒక కుప్ప వేశారు. ఇక ఈ మనిషి కట్టిన నీడ ఈ తిరునాళ్ళలో ఎవరూ వేసుకోకూడదు అని చాటింపు వేశారు. నిన్నటిదాకా ఆయన్ను మామా అన్నవాళ్ళే, "ముందే అనుకున్నాం, ఒక మూల ఊడిపోయేట్టు కట్టడమేంది, బుద్ధున్నోడు కడతాడా?" అన్నారు. అట్లా అన్నవాళ్ళలో ఆ గాలికి కొస లాగి బతికినవాళ్ళున్నారు.

కోటమ్మ బతికింది. ఆ చెయ్యి మళ్ళీ తల దాకా లేవలేదని, కొప్పు కోడలే ముడుస్తుందని తర్వాత విన్నాను.

మరుసటి ఏడు షామియానాలు వచ్చాయి. మేము వాటి బాడుగ కట్టలేక, ఎండలో గొడుగు పట్టుకుని కూర్చున్నాం. గొడుగు నీడ ఎంత? టిక్కు టిక్కుమని పగులుతూనే ఉన్నాయి. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. పగిలినవి ఏరి పక్కన పెట్టాడు. నాకది తిట్టుకంటే ఎక్కువ తగిలింది. ఖాసింబీ కూడా నోరు విప్పలేదు. నేను ముడి మార్చడం ఆమె చూసింది. ఒకసారి మాత్రం, "నువ్వు చెప్తావేమోనని నేను చెప్పలా. నువ్వు చెప్పకపోతే నేనెట్లా చెప్పేది?" అంది.

మూడేళ్ళకు ఆత్మకూరు సంతలో ఆయన కనబడ్డాడు. ఎద్దులకు ముకుతాళ్ళు పేని అమ్ముతున్నాడు. ఎర్రటి ఎండ, నెత్తిన ఏమీ లేదు. బీడీ చెవిలో లేదు, నోట్లో ఉంది. నేను దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాను.

"మామా, గుర్తుపట్టినావా?"

"గరిటెలామెవి గదా. కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఏం మాట్లాడాలో అప్పటికి వెయ్యిసార్లు అనుకుని ఉంటాను. వచ్చింది మాత్రం ఒకటే మాట.

"ఆ పొద్దు ముడి నేను ఏసినా."

"నాకు తెలీదా? గరిటెలు కట్టే ముడి అది."

"తెలిసి ఎందుకు కొరికేసినావు? చూపించుంటే నీ మీదికి రాదు గదా."

తాడు పేనడం ఆపలేదు. "చూపించుంటే నిన్ను ఈడ్చుకుపోయేవాళ్ళు. ఆడమనిషివి, ఠాణాకు. అది ఒకటి. ఇంకోటి, నీ అంతట నువ్వే చెప్తావనుకున్నా మే."

నేను తల దించుకున్నాను.

"తిరునాళ్ళ ఇంకా రెండు దినాలు ఉండె. ఠాణా కాడ నుంచి వచ్చి ఆ నీళ్ళతొట్టి పక్కనే కూసున్నా. రెండు దినాలు. యాడికీ పోలా. నువ్వు నీళ్ళకు నా ముందరే పోయినావు. రెండు తూర్లు."

పోయినాను. కడవ ఆయన వైపు భుజాన పెట్టుకుని, దాని చాటున ముఖం పెట్టుకుని పోయినాను.

"ఇప్పుడు చెప్తా మామా. కంట్రాక్టరు కాడికి పోయి అందరి ముందరా చెప్తా. మళ్ళీ వచ్చి కట్టు."

"ఏం కట్టేది? ఆ కుప్పలో సగం చెదలు తినినాయి, సగం అమ్మేసినా." ఆయన నా వైపు అప్పుడు చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "చెప్పాలనుంటే చెప్పుకో. నా కోసమని మాత్రం చెప్పబాక. నాకు కావాల్సినప్పుడు నువ్వు చెప్పలా."

ముకుతాడు కొనడానికి ఎవరో వచ్చారు. ఆయన బేరంలో పడ్డాడు. నేను లేచి వచ్చేశాను. కంట్రాక్టరు దగ్గరికి ఆ వారం పోలేదు, ఆ నెలా పోలేదు, ఆ తర్వాత కంట్రాక్టరే చచ్చిపోయినాడు. ముకుతాళ్ళాయనను నేను మళ్ళీ చూడలేదు. అనంతసాగరం వైపు పోయినాడని ఒకరు, చచ్చిపోయి చాలా కాలమైందని ఒకరు చెప్పారు. ఎవరి మాట నిజమో కనుక్కోలేదు.

ఇది ఆయన కోసం రాయడం లేదు. వద్దన్నాడు కాబట్టి రాయకూడదు కూడా. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను. ఎవరికైనా అనుమానముంటే అడగడానికి, ఆ గురువారం నాలుగు గంటలకు అక్కడ ఉన్నవాళ్ళ పేర్లు ఇస్తున్నాను. చాలామంది లేరు. వాళ్ళ పిల్లలున్నారు.

కోటమ్మ, వరికుంటపాడు. ఆమె కొడుకు సుబ్బయ్య శెట్టి. దువ్వెనల ఖాసింబీ, ఉదయగిరి. ఆమె పక్కన బజ్జీల రమణమ్మ, గాలికి ముందే పొయ్యి ఆర్పేసింది, లేకుంటే ఇంకా ఘోరమయ్యేది. కొండాపురం నుంచి బుట్టలు తెచ్చిన అన్నదమ్ములు చిన్నోబయ్య, పెద్దోబయ్య. కంట్రాక్టరు రామానుజం, గాలి అయినాక వచ్చినాడు. మా ఆయన మాలకొండయ్య, ఆయనా అయినాకే వచ్చినాడు. ముడి వేసిన నేను, పెంచలమ్మ.

పట్టా వేసినాయన. మూడు తిరునాళ్ళు ఆయన నీడలో కూర్చున్నాను. మామా అని పిలిస్తే పలికేవాడు కాబట్టి పేరు అడగలేదు.